ఫ్లోరిడా చెట్ల మీది అడవి ఎయిర్ ప్లాంట్లని కాపాడుకోవడం ఎలా: పురుగు గుర్తించడం నుంచి గింజ చల్లడం దాకా

ఫ్లోరిడాలో లైవ్ ఓక్ చెట్ల మీద, సైప్రెస్ చెట్ల మీద అనాస మొక్క ఎక్కి కూర్చున్నట్టు గుబురుగా కనిపించేవే ఎయిర్ ప్లాంట్లు. కుటుంబం పేరు బ్రొమీలియడ్లు, అనాస కూడా ఈ కుటుంబమే. 1989 దాకా వీటి గురించి ఎవరికీ పెద్ద బెంగ లేదు, ఏ చెట్టు చూసినా ఉండేవి. ఆ ఏడాది బ్రోవార్డ్ కౌంటీలో ఒక కొత్త ముక్కుపురుగు బయటపడింది, మెక్సికోలోని వెరాక్రూజ్ నుంచి అమ్మకానికి తెచ్చిన మొక్కల్లో దాక్కుని వచ్చింది, అప్పటినుంచి దక్షిణ ఫ్లోరిడా, మధ్య ఫ్లోరిడా అంతా పాకుతూనే ఉంది. దానికి తోడు చెట్లు కొట్టేయడం, చిత్తడి నేలల్లో నీళ్ళు కాలవలు తవ్వి తోడేయడం, ఊరికే పీక్కుపోయేవాళ్ళు, ఇవన్నీ ముందునుంచీ ఉన్నవే.

ముందే ఒక మాట చెప్పేస్తా, కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుతుంది. వీటిని కాపాడటం అంటే నీళ్ళు పోయడం, ఎరువు వేయడం, జాలిపడి ఇంటికి తెచ్చుకోవడం కాదు. పెద్ద మొక్క ఒకటి పూత పూసి గింజ రాల్చేదాకా బతికి ఉండేలా చూడటం, అంతే. ఎందుకో మూడో అడుగులో అర్థమవుతుంది.

1. ముందు అది ఏ మొక్కో తెలుసుకోండి

చెట్టు మీద ఇంకో మొక్క కనపడితే మనవాళ్ళకి మొదట గుర్తొచ్చేది బదనికే, చెట్టు రసం తాగేస్తోంది పీకేయాలి అనుకుంటారు. ఇవి బదనికలు కావు. చెట్టు బెరడుని పట్టుకోవడానికి మాత్రమే వేళ్ళు వాడుకుంటాయి, నీళ్ళు, పోషకాలు ఆకుల మీదుండే సన్నటి వెండిరంగు పొలుసులతో వాన నుంచి, మంచు నుంచి, గాల్లో దుమ్ము నుంచి తీసుకుంటాయి. నిజంగా చెట్టు రసం తాగేది కావాలంటే ఫ్లోరిడా ఓక్ చెట్ల మీద మిజిల్‌టో ఉంటుంది, పచ్చటి గుండ్రటి పొద, మామూలు ఆకులతో, అది వేరే కథ. ఎండిపోతున్న కొమ్మ మీద స్పానిష్ మాస్ (బూడిదరంగు గడ్డంలా వేలాడే ఎయిర్ ప్లాంట్) ఎక్కువగా వేలాడుతుంటే అదే కొమ్మని చంపిందని నమ్మేవాళ్ళు చాలామంది, కానీ ఆకులు రాలి ఎండ బాగా పడుతోంది కాబట్టి అది అక్కడ బాగా పెరుగుతోంది. ముందు కొమ్మ చచ్చింది, తర్వాత మాస్ పెరిగింది.

ఫ్లోరిడా సొంత బ్రొమీలియడ్లు 16 రకాలు. అందులో 12 టిలాండ్సియాలు, 3 కాటోప్సిస్‌లు, 1 గుజ్మానియా. అన్నీ కంఠస్థం చేయక్కర్లేదు, ఈ విభజన చాలు:

పురుగు పట్టనివి నాలుగు: స్పానిష్ మాస్, బాల్ మాస్, టిలాండ్సియా సెటేసియా, టిలాండ్సియా బార్ట్రామై. వీటి కాండం మరీ సన్నం, పురుగు పిల్లకి అందులో తిండీ లేదు చోటూ లేదు.

మిగతా 12 రకాలకీ ప్రమాదమే. అందులో ఎక్కువ దెబ్బతిన్నవి రెండు. ఒకటి టిలాండ్సియా యుట్రిక్యులాటా, జెయింట్ ఎయిర్ ప్లాంట్ అంటారు, వెడల్పాటి బూడిదాకుపచ్చ ఆకులు, మధ్యలో నీళ్ళు నిలిచే గిన్నె, మనిషి చేతులు చాచినంత వెడల్పు కూడా పెరుగుతుంది. రెండోది టిలాండ్సియా ఫాసిక్యులాటా, కార్డినల్ ఎయిర్ ప్లాంట్, సన్నగా గట్టిగా ఉండే ఆకులు, ఎర్రటి పూలకాడ. ఒకప్పుడు ఎక్కడ చూసినా ఉన్న ఈ రెండూ ఇప్పుడు రాష్ట్ర ఎండేంజర్డ్ (అంతరించిపోయే ప్రమాదం ఉన్నవి) జాబితాలో ఉన్నాయి. ఇంకోటి, టిలాండ్సియా సిమ్యులాటా అని ఫ్లోరిడాలో తప్ప ప్రపంచంలో ఎక్కడా పుట్టనిది, దాన్ని కూడా ఈ పురుగు తింటుంది.

2. చెయ్యి పెట్టే ముందు చట్టం

ఈ అడుగు చాలామంది దాటేస్తారు, మంచి పని చేస్తున్నాం కదా అని. ఫ్లోరిడాలో సొంత మొక్కల రక్షణకి ఒక చట్టం ఉంది, స్టాట్యూట్ 581.185. దాని ప్రకారం ఎండేంజర్డ్ మొక్కని వేరేవాళ్ళ స్థలంలోంచి గానీ ప్రభుత్వ స్థలంలోంచి గానీ తీయాలంటే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి, దాంతోపాటు రాష్ట్ర వ్యవసాయ శాఖ పర్మిట్ కూడా కావాలి. థ్రెటెన్డ్ (దానికన్నా ఒక మెట్టు తక్కువ ప్రమాదం ఉన్నవి) జాబితాలో ఉన్నదానికి యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. రాష్ట్ర పార్కుల్లో, ఎవర్‌గ్లేడ్స్, బిగ్ సైప్రెస్ లాంటి ఫెడరల్ చోట్ల అయితే కింద పడిన మొక్క కూడా ముట్టుకోకూడదు, మీరు చేయగలిగింది ఫోటో తీసి రేంజర్‌కి చెప్పడమే.

16 రకాల్లో 10 ఈ రెండు జాబితాల్లో ఉన్నాయి. మూడు కాటోప్సిస్‌లు, గుజ్మానియా, యుట్రిక్యులాటా, ఫాసిక్యులాటా, ప్రూయినోసా ఎండేంజర్డ్. బాల్బిసియానా, ఫ్లెక్సుయోసా, వేరియాబిలిస్ థ్రెటెన్డ్. కాటోప్సిస్‌లు, గుజ్మానియా తప్ప మిగతా పేర్లన్నీ టిలాండ్సియాలే.

విచిత్రం ఏంటంటే ఇదే చట్టం స్థలం యజమాని తన స్థలంలో చెట్లు కొట్టుకోవడాన్ని ఆపదు. అంటే దారిన పోయేవాడు ఒక్క మొక్క తీస్తే నేరం, ఓనర్ బుల్డోజర్ పెట్టి వంద మొక్కలు తొక్కించేస్తే ఏం లేదు. నాకు ఇది అస్సలు నచ్చదు కానీ ఉన్నది ఇదే. అందుకే కొత్తగా కట్టడాలు వచ్చే చోట ముందే ఓనర్‌తో మాట్లాడి, కాగితం మీద అనుమతి తీసుకుని, మొక్కల్ని తరలించే పని ఫ్లోరిడా నేటివ్ ప్లాంట్ సొసైటీ చాప్టర్లు చేస్తుంటాయి. ఒంటరిగా వెళ్ళే బదులు వాళ్ళతో కలవడం మేలు.

మీ సొంత పెరట్లో ఉన్నవాటికి ఈ గొడవ లేదు. మీరు మొదలుపెట్టాల్సింది కూడా అక్కడే.

3. పురుగు ఉందో లేదో చూడటం

పురుగు పేరు మెటమాసియస్ కాలిజోనా, మెక్సికన్ బ్రొమీలియడ్ వీవిల్ అంటారు. పెద్ద పురుగు సెంటీమీటరు పైచిలుకు పొడవు, నల్లగా ఉంటుంది, ముందు పొడుగాటి ముక్కు, వీపు మీద అడ్డంగా నారింజ లేదా పసుపు పట్టీ. పెద్ద పురుగు ఆకులు కొరుకుతుంది గానీ దానివల్ల మొక్క చావదు. చంపేది పిల్లపురుగు. తల్లి ఆకు మొదట్లో చిన్న గాటు పెట్టి గుడ్డు పెడుతుంది, అందులోంచి వచ్చిన కాళ్ళు లేని తెల్లటి పిల్లపురుగు, గోధుమరంగు తలతో, కాండంలోకి తొలుచుకుంటూ పోయి మొవ్వు తినేస్తుంది. చెరుకులో, జొన్నలో మొవ్వు చచ్చిపోవడం చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మొవ్వు పోయాక ఆ మొక్క మళ్ళీ లేవదు.

ఇప్పుడు అసలు సమస్య చూడండి. యుట్రిక్యులాటా జీవితంలో ఒక్కసారే పూస్తుంది, పూయడానికి పదేళ్ళు పైనే పడుతుంది, పూసి గింజ రాల్చాక చచ్చిపోతుంది, మామూలుగా పిలకలు పెట్టదు. వేల గింజలు వస్తాయి, అదొక్కటే దాని దారి. పురుగు మాత్రం చిన్న మొక్కల జోలికి పెద్దగా పోదు, వాటి కాండంలో దాని పిల్ల పెరగడానికి సరిపడా మేత ఉండదు. మొక్క ఓ మోస్తరు సైజు వచ్చాక పడుతుంది. అంటే పూయడానికి ఇంకా కొన్నేళ్ళు ఉందనగా చంపేస్తుంది, గింజ లేకుండా. చెట్టు మీద చిన్న మొక్కలు బోలెడు కనపడుతుంటే అంతా బాగానే ఉందనుకుంటాం, కానీ అవి పాత గింజల తాలూకు పిల్లలు, వాటి తర్వాత వచ్చేవి లేవు. మయక్కా రివర్ స్టేట్ పార్కులో ఈ పెద్ద మొక్కలు కుప్పకూలిపోయింది ఇలాగే. ఫాసిక్యులాటా పిలకలు పెడుతుంది కాబట్టి కాస్త తట్టుకుంటుంది, కానీ పిలకలు కూడా పెద్దవయ్యాక పురుగుకి దొరుకుతాయి.

చెకింగ్ ఎలా చేయాలంటే, ముందు పైకి కాదు కిందకి చూడండి. చెట్టు మొదట్లో ఆకుల గుత్తి పడి ఉంటే చేతిలోకి తీసుకుని మొదలు చూడండి. (పార్కులో అయితే తీయొద్దు, వంగి చూడండి చాలు.)

గాలికి పడిందైతే మొక్క మొత్తం ఉంటుంది, వేళ్ళు, బెరడు ముక్క కూడా అంటుకుని ఉంటాయి, మొవ్వు గట్టిగా ఉంటుంది.

పురుగు పడేసిందైతే మధ్యలో ఆకులు మాత్రమే గుత్తిగా ఊడిపడతాయి, చాలాసార్లు ఇంకా పచ్చగానే ఉంటాయి, వాటి మొదళ్ళు కొరికేసి పిప్పిపిప్పిగా గోధుమరంగులో ఉంటాయి, బయటి ఆకులు చెట్టు మీదే మిగిలిపోతాయి. ఆకుల మొదట్లో కన్నాలు, జిగురులాంటి పారదర్శకమైన బంక, దాంట్లో కలిసిన పిప్పి కనపడితే ఇక అనుమానం అక్కర్లేదు. పీచుతో అల్లిన చిన్న గూడులాంటిది దొరికితే అది పురుగు కోశంలోకి వెళ్ళడానికి కట్టుకున్నది.

పూసి, గింజ రాల్చి, సహజంగా చచ్చిపోయింది అయితే మధ్యలో ఎండిన పూలకాడ ఉంటుంది. దీన్ని చూసి కంగారుపడకండి, అది దాని పని అది చేసేసింది.

మంచు దెబ్బ అయితే ఆకులు ముందు తడిసినట్టు మెత్తబడి తర్వాత తెల్లబారతాయి, ఒక్క మొక్క కాదు ఆ వైపు ఉన్నవన్నీ ఒకేలా అవుతాయి. కన్నాలు ఉండవు.

తర్వాత చెట్టు మీద ఉన్నవి. చేతికి అందే మొక్క అయితే మధ్య ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని చాలా మెల్లగా పైకి లాగండి, గట్టిగా ఉంటే వదిలేయండి, ఊడి చేతికొస్తే లోపల పురుగు ఉన్నట్టే. ఎత్తులో ఉన్నవాటికి బైనాక్యులర్స్ చాలు, నడిమి ఆకులు పక్కకి వాలిపోయి, రంగు మారి ఉన్నాయా అని చూడండి. నిచ్చెన వేసుకుని ప్రతి మొక్కా కెలకాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త. మెటమాసియస్ మోసియెరై అని ఫ్లోరిడాకి చెందిన ఇంకో చిన్న ముక్కుపురుగు ఉంది, చుట్టమే గానీ సైజులో బాగా చిన్నది, ఎప్పటినుంచో ఇక్కడే ఉంది, పెద్ద నష్టం చేయదు, అది కూడా అరుదైపోతున్న జీవే. కాబట్టి నల్లటి పురుగు కనపడగానే నలిపేయడం కాదు, ముందు ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి, వీపు మీద పట్టీ పడేలా.

4. పురుగు దొరికితే

మీ సొంత స్థలంలో అయితే పురుగు పట్టిన మొక్క మొత్తాన్ని, కింద పడిన ముక్కలతో సహా, గట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టేయండి. లోపల ఉన్న పిల్లపురుగులు, కోశాలు, పెద్ద పురుగులు చచ్చేదాకా ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, లేదా నేరుగా ఎండలో వదిలేయొచ్చు, ఆ తర్వాతే చెత్తలో వేయండి. కంపోస్టులో వేయొద్దు, కాలవ గట్టున పారేయొద్దు, పెద్ద పురుగు ఎగురుతుంది. ఆకుల ముక్కల్లో ఒక్క కోశం మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది. అదే చెట్టు మీద, పక్క చెట్టు మీద ఉన్న పెద్ద మొక్కల్ని కొన్ని వారాల పాటు మళ్ళీమళ్ళీ చూడండి.

మీ కౌంటీలో ఇంతకుముందు ఈ పురుగు లేకపోతే రాష్ట్ర వ్యవసాయ శాఖలోని ప్లాంట్ ఇండస్ట్రీ విభాగానికి గానీ, కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి గానీ ఫోటోతో చెప్పండి.

మందు కొట్టొచ్చు కదా అని అందరూ అడుగుతారు. కుండీల్లో పెంచే అలంకార మొక్కలకి ఇమిడాక్లోప్రిడ్ లాంటివి వాడేవాళ్ళు ఉన్నారు, వాడితే లేబుల్ మీద ఉన్నట్టే వాడాలి. అడవి మొక్కలకి మాత్రం ఇది దారి కాదు. ఈ మొక్కల గిన్నెలో నిలిచిన నీళ్ళలో కప్పలు, పురుగులు, వాటిని తినే ఇంకో పురుగులు, చిన్న లోకమే ఉంటుంది, అందులో మందు పోస్తే అవన్నీ పోతాయి, పూల మీద వాలేవి కూడా పోతాయి, పైగా అడవి మొత్తానికి ఎవరు కొడతారు?

శత్రువుని తెచ్చి వదిలే ప్రయత్నం కూడా జరిగింది. ఈ ముక్కుపురుగు చుట్టం ఒకదాన్ని తినే ఈగ 1993లో హోండురస్‌లో దొరికింది, దాని పేరు లిక్సాడ్మోంటియా ఫ్రాంకై, యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా శాస్త్రవేత్త హోవర్డ్ ఫ్రాంక్ పేరు పెట్టారు. ఆ ఈగ తన పిల్లల్ని మొక్క మీద వదులుతుంది, అవి పాకుతూ పోయి ముక్కుపురుగు పిల్లని వెతికి దాంట్లోకి దూరతాయి. ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి 2007 నుంచి ఫ్లోరిడాలో వదిలారు, కానీ ఇక్కడ నిలదొక్కుకోలేదు. కాబట్టి ప్రస్తుతానికి ఎవరో వచ్చి ఆదుకుంటారని ఎదురుచూడకుండా మనుషుల చేతులతో అయ్యే పనే చేసుకోవాలి, అదే కింద ఉన్నది.

5. గింజ దాకా తీసుకెళ్ళడం

నన్నడిగితే ఒక్క పనే చేయడానికి టైమ్ ఉంటే ఇదే చేయండి. టైటస్‌విల్‌లోని ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్ శాంక్చువరీలో యుట్రిక్యులాటా కోసం ఈ పద్ధతిలోనే పనిచేస్తున్నారు, పెద్ద మొక్కల్ని జాలీ బోనుల్లో పెట్టి పూసేదాకా కాపాడటం, గింజల్ని మళ్ళీ అడవికే ఇవ్వడం. ఫ్లోరిడా బ్రొమీలియడ్ సొసైటీల కౌన్సిల్ కూడా ఇలాంటి పనులకి ఊతం ఇస్తూ వచ్చింది. సొంత పెరట్లో చిన్న స్థాయిలో ఎవరైనా చేయొచ్చు.

బోను: కిటికీలకి వాడే దోమల జాలీ చాలు, ఫైబర్‌గ్లాస్ గానీ అల్యూమినియం గానీ. రాగి జాలీ వద్దే వద్దు, ఎందుకో ఏడో అడుగులో చెప్తా. చెక్క ఫ్రేమ్ కట్టేటప్పుడు ప్రెషర్ ట్రీటెడ్ చెక్క వాడకండి, దాంట్లో కూడా రాగి ఉంటుంది, పీవీసీ పైపులతో కడితే సుఖం. వాన నీళ్ళు నేరుగా లోపల పడాలి, గాలి ఆడాలి, అందుకని పైన కూడా జాలీయే, ప్లాస్టిక్ షీట్ కప్పొద్దు. తలుపు దగ్గర, మూలల్లో పురుగు దూరే సందు లేకుండా చూడండి. మొక్క ఎంత పెరుగుతుందో ముందే ఆలోచించి కట్టండి, పూలకాడ వస్తే మనిషి ఎత్తు కూడా దాటొచ్చు.

పెట్టే ముందు: మొక్కని విడిగా ఉంచి రెండు మూడు నెలలు గమనించండి. లోపల పురుగు పిల్ల ఉన్న మొక్కని తీసుకెళ్ళి బోనులో పెడితే మీరే దానికి విందు ఏర్పాటు చేసినట్టు, బయట నుంచి ఏ శత్రువూ రాకుండా కాపలా కూడా పెట్టినట్టు.

చోటు: ఓక్ చెట్టు నీడ తెరలు తెరలుగా పడే చోటు. నేల మీద మట్టిలో పాతకండి, చెక్క మీదో, మేకులు లేని కొమ్మ ముక్క మీదో నిలబెట్టండి. గిన్నెలో వాన నీళ్ళు నిలబడాలి, ఎండాకాలం మరీ వానలు లేకపోతే వాన నీళ్ళో, ఉప్పు తక్కువున్న నీళ్ళో పోయండి. రాలిన ఓక్ ఆకులు కొన్ని గిన్నెలో ఉంటే పర్లేదు, అదే దాని ఎరువు, మొవ్వు పూర్తిగా మూసుకుపోతే మాత్రం తీసేయండి.

పూత: బోను మూసి ఉంటే పూల మీద వాలేవి రావు, కాబట్టి పూలు విచ్చుకున్నప్పుడు మెత్తటి కుంచెతో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి తాకించండి. ఇది రెండు నిమిషాల పని, కానీ రోజూ కొత్త పూలు తెరుచుకుంటాయి కాబట్టి రోజూ చూడాలి.

గింజ: కాయలు పండటానికి నెలలు పడుతుంది, ఆకుపచ్చ పోయి గోధుమరంగు వచ్చి నిలువునా చీలతాయి, లోపల దూదిలాంటి కుచ్చుతో గింజలు ఉంటాయి, గాలికి ఎగిరిపోవడానికే ఆ కుచ్చు. చీలడం మొదలవగానే బోను తెరిచి కొంత గాలికి వదిలేయండి, కొంత కాగితం కవర్లో తీసుకోండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. ఏళ్ళ తరబడి దాచే గింజలు కావు ఇవి, వీలైనంత త్వరగా, వానాకాలం అందుకునేలా చల్లేయండి.

చల్లడం అంటే గరుకు బెరడున్న లైవ్ ఓక్ కొమ్మల మీద, ముఖ్యంగా నాచు, ఫెర్న్ పట్టి తడి నిలిచే చోట్ల, కుచ్చుని తడిచేత్తో అద్దడమే. నున్నటి బెరడున్న చెట్లు, బెరడు పొరలు పొరలుగా ఊడిపోయే చెట్లు వద్దు. గింజ వచ్చిన చోటికి దగ్గర్లోనే చల్లండి, ఇంకో కౌంటీకి మోసుకుపోకండి, ఎక్కడి మొక్కలు అక్కడి వాతావరణానికి అలవాటు పడి ఉంటాయి. వేరేవాళ్ళ చెట్టు అయితే అడిగి చల్లండి. మొలకలు సన్నటి గడ్డి పోచల్లా ఉంటాయి, చాన్నాళ్ళు అలాగే ఉంటాయి, ఎదగట్లేదు అని పీకేయకండి. ఎక్కువ శాతం చచ్చిపోతాయి, అందుకే వేలల్లో పెడుతుంది అది.

6. కింద పడ్డ మంచి మొక్కని మళ్ళీ ఎక్కించడం

హరికేన్ వచ్చి పోయాక పెద్ద కొమ్మలు విరిగిపడతాయి, 2017లో ఇర్మా, 2022లో ఇయన్ అప్పుడు చూశాం, కొమ్మలతో పాటు మొక్కలు కూడా రోడ్డు పక్కన చెత్త కుప్పల్లోకి పోతాయి. నేల మీద ఉంటే కుళ్ళిపోతాయి, లేదా ఎండిపోతాయి. మీ స్థలంలో పడినవి, లేదా ఓనర్ అనుమతించినవి, ముందు మూడో అడుగులో చెప్పినట్టు మొదలు చూసి పురుగు లేదని నిర్ధారించుకోండి. చిన్న కొమ్మ అయితే మొక్కని ఊడదీయకుండా ఆ కొమ్మ ముక్కతో సహా కోసి చెట్టుకి కట్టేయడం అన్నిటికన్నా తేలిక.

విడి మొక్క అయితే నైలాన్ స్టాకింగ్ చీల్చిన పట్టీలు, చేపల వల దారం, ప్లాస్టిక్ పూత ఉన్న వైరు, లేదా ఈ-6000 లాంటి నీళ్ళకి చెడని జిగురు. రాగి తీగ, జింకు పూత తీగ వద్దు, మేకులు వద్దు. పాత మొక్క ఎటువైపు నిలబడి ఉండేదో అలాగే పెట్టండి, గిన్నె రకాలు నిటారుగా ఉంటేనే నీళ్ళు నిలుస్తాయి. కట్టు గట్టిగా ఉండాలి, గాలికి ఊగుతుంటే కొత్త వేళ్ళు బెరడుని పట్టుకోలేవు. వేళ్ళు పట్టాక కట్టు విప్పేయండి, లేకపోతే కొమ్మ లావెక్కి కోసుకుపోతుంది.

చెట్లు కత్తిరించే వాళ్ళని పిలిచే ముందే చెప్పండి, ఎయిర్ ప్లాంట్లున్న కొమ్మల్ని పక్కన పెట్టమని. హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) వాళ్ళు కాంట్రాక్ట్ ఇస్తే మీటింగ్‌లో ఒక్క వాక్యం రాయించండి, పని అయ్యాక అరిచి లాభం లేదు.

7. మీ కుండీల్లో ఉన్నవి

పురుగు వచ్చిందే అలంకార మొక్కలతో, ఈ విషయం మర్చిపోతాం. పెరట్లో రంగురంగుల బ్రొమీలియడ్లు పెంచేవాళ్ళు ఎక్కువ, ఆ కుండీల్లో పురుగు పెరిగి పైన ఓక్ చెట్టు మీదకి ఎగురుతుంది. కొత్తగా కొన్న ప్రతి బ్రొమీలియడ్‌నీ, అనాస పిలకని కూడా, మిగతావాటికి దూరంగా ఉంచి చూడండి. ఆన్‌లైన్‌లో అడవి నుంచి తెచ్చింది అని గొప్పగా చెప్పి అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి, గింజ నుంచి పెంచినవి అమ్మే నర్సరీలు ఉన్నాయి.

రాగి గురించి: బ్రొమీలియడ్లకి రాగి విషం. కాపర్ కలిసిన ఫంగిసైడ్‌ని పక్కనున్న మామిడికో సిట్రస్‌కో కొడితే గాలికి వచ్చి వీటి మీద పడినా దెబ్బే. రాగి తీగ నుంచి కారే వాన నీళ్ళు కూడా అంతే.

దోమల భయంతో వీటిని పీకించేవాళ్ళు కూడా ఉన్నారు. అలంకార మొక్కల గిన్నెల్లో డెంగీ దోమ పెరగగలదు, నిజమే, వారానికోసారి పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి గిన్నె కడిగేయండి, లేదా బీటీఐ (ఒక బ్యాక్టీరియాతో చేసిన మందు) గుళికలు వేయండి, అది దోమ పిల్లల్ని చంపుతుంది, మొక్కకి ఏమీ కాదు. నూనె పోయొద్దు, మొక్క ఊపిరాడక పోతుంది. అడవి మొక్కల గిన్నెల్లో ఎక్కువగా ఉండేది వైయోమియా అనే దోమ, దాని బతుకంతా ఈ మొక్కలతోనే ముడిపడి ఉంది.

8. మొక్కని మోసే చెట్టు, దాని పక్కవాళ్ళు

చెట్టు లేకపోతే పైన చెప్పిందంతా గాల్లో మేడ. నైరుతి ఫ్లోరిడాలోని ఫకహాచీ స్ట్రాండ్ అనే చిత్తడి అడవిలో 1940ల్లో, 50ల్లో పెద్ద సైప్రెస్ చెట్లు దాదాపు అన్నీ కొట్టేశారు, అయినా లోపలి చెరువుల్లాంటి మడుగుల్లో తడి నిలిచి ఉండబట్టే గుజ్మానియా, కాటోప్సిస్ న్యూటాన్స్ లాంటి తేమ కోరేవి అక్కడ బతికాయి. నీళ్ళు తోడేస్తే చెట్టు బతికినా గాలి ఆరిపోతుంది, పైనున్నవి ముందు పోతాయి. అందుకే మీ ఊళ్ళో చిత్తడి నేల పూడ్చే ప్రపోజల్ మీద హియరింగ్ ఉంటే వెళ్ళి మాట్లాడటం కూడా ఈ గైడ్‌లో ఒక అడుగే.

పెరట్లో అయితే ముసలి ఓక్‌ని వీలైనంత కాలం ఉంచండి, పడిపోయే ప్రమాదం ఉన్న కొమ్మలే తీయించండి, కొమ్మలన్నీ నున్నగా గీకించొద్దు. సేబల్ పామ్ చెట్టు మొదలుకి అంటుకుని ఉండే పాత మట్టల మొదళ్ళని బూట్లు అంటారు, అందం కోసం అవి చెక్కించేస్తుంటారు. హ్యాండ్ ఫెర్న్ అని చెయ్యి ఆకారంలో ఉండే ఎండేంజర్డ్ ఫెర్న్ ఆ బూట్ల సందుల్లోనే పెరుగుతుంది, చెక్కేస్తే దానికి ఇంకో చోటు లేదు.

ఆర్కిడ్ల సంగతి వేరు, వాటి శత్రువు ముక్కుపురుగు కాదు, మనిషే. గోస్ట్ ఆర్కిడ్‌ని దొంగలు చెట్టు బెరడుతో సహా కోసుకుపోయిన సంఘటనలు ఉన్నాయి, ఇంటికి తీసుకెళ్తే అది దాదాపు బతకదు, దాని వేళ్ళలో ఉండే ఫంగస్, ఆ తేమ లేకుండా. సిగార్ ఆర్కిడ్‌ని ఒకప్పుడు బండ్ల కొద్దీ పీక్కుపోయారు. కోరల్ గేబుల్స్‌లోని ఫెయిర్‌చైల్డ్ బొటానిక్ గార్డెన్ 2012లో మిలియన్ ఆర్కిడ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టి ల్యాబ్‌లో గింజ నుంచి పెంచిన సొంత ఆర్కిడ్లని మయామీ వీధి చెట్ల మీద, స్కూళ్ళలో కట్టిస్తోంది, పిల్లలున్న వాళ్ళు ఇలాంటి వాటిలో చేరొచ్చు.

9. రాసి పెట్టుకోండి

ప్రతి పెద్ద మొక్కకీ ఒక నంబర్ ఇవ్వండి, అల్యూమినియం ట్యాగ్‌ని మొక్కకి కాదు కొమ్మకి కట్టండి. నోట్‌బుక్‌లో తేదీ, ఏ చెట్టు, ఏ దిక్కు, ఆకు పొడవు సుమారుగా ఎంత, పూత ఉందా, కింద ఏమన్నా పడిందా, ఇంతే. నెలకోసారి ఒకే చోట నిలబడి ఒకే కోణంలో ఫోటో తీస్తే ఆకు వాలిపోవడం తొందరగా తెలుస్తుంది, జ్ఞాపకం మీద ఆధారపడితే తెలియదు. మొక్క చచ్చిపోతే పేజీ కొట్టేయకండి, ఎందుకు పోయిందో రాయండి, పురుగా, గాలా, మంచా, పూసి పోయిందా. కొన్నేళ్ళ తర్వాత మీ చెట్టు మీద గింజ దాకా వెళ్ళినవి ఎన్ని, వెళ్ళకుండా పోయినవి ఎన్ని అనేది ఆ పేజీల్లోంచే లెక్క తేలుతుంది.

ఐనాచురలిస్ట్ (మొక్కలు, జీవుల ఫోటోలు పెట్టే సైట్)లో పెడితే శాస్త్రవేత్తలకి ఉపయోగం. అరుదైన వాటికి మాత్రం జియోప్రైవసీ సెట్టింగ్‌లో అబ్‌స్క్యూర్డ్ పెట్టండి, అప్పుడు కచ్చితమైన చోటు బయటివాళ్ళకి కనపడదు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో గోస్ట్ ఆర్కిడ్ ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ ట్యాగ్ తీసేయండి, వెనకాల బోర్డు గానీ ట్రెయిల్ నంబర్ గానీ కనపడకుండా కత్తిరించండి, ఫోన్ ఫోటో ఫైల్‌లోనే జీపీఎస్ దాగి ఉంటుంది కాబట్టి ఒరిజినల్ ఫైల్ ఎవరికీ పంపకండి, అడిగినవాళ్ళు ఎంత మంచివాళ్ళలా మాట్లాడినా సరే.